నానా ఎక్కని గుర్రం

చిన్నప్పుడు కోరుట్ల బడిలో నేనొక అబద్ధం చెప్పేదాన్ని. "మా నానాకు గుర్రాలుండేవి" అని.

సగమే అబద్ధం. నానా చేతిలో గుర్రాలుండేవి, కానీ ఆయనవి కావు. జగిత్యాలలో ఆయన సాయీసు. నిజాం జమానాలో ఒక సర్కారీ సాబ్ గుర్రానికి దానా పెట్టి, మాలిష్ చేసి, లగాం పట్టుకుని నడిచిన మనిషి. 1948 తర్వాత ఆ నౌకరీ పోయింది. టాంగా తోలుకున్నాడు. ఆటోలొచ్చాక అదీ పోయింది.

ఈ కిస్సా ఇప్పుడెందుకంటే, మొన్న దసరా సెలవుల్లో తమ్ముడు దుబాయ్ నుంచి ఛుట్టీ మీద వచ్చాడు. సిరిసిల్ల నుంచి ఆపా పిల్లలొచ్చారు. అందరం కలిసి అనంతగిరి కొండల దిక్కు ఒక రిసార్టుకు పోయాం. చెక్క కాటేజీలు, రాత్రి చలిమంట, పొద్దున అడవి బాటలో గుర్రపు సవారీ. పిల్లల ఖుషీకి హద్దు లేదు. అమ్మీ మాత్రం కారు దిగి కాటేజీ దిక్కు కూడా చూడలేదు. సీదా తబేలాకు పోయింది.

రాత్రి మంట దగ్గర పిల్లలడిగితే చెప్పింది. సాబ్ దౌరాకు బయల్దేరితే ముందు డేరాలు పోయేవట. సాబ్ గుర్రం మీద, నానా పక్కన కాలినడకన. జగిత్యాల నుంచి కోరుట్లకు దాదాపు 25 కిలోమీటర్లు. మంజిల్ చేరాక సాబ్ కుర్చీలో కూర్చుంటే నానా పని మొదలయ్యేది. జీను దించి వీపు తుడవాలి. నాలుగు కాళ్ళూ ఎత్తి నాళ్ళ సందులో రాళ్ళున్నాయేమో చూడాలి. చెమట ఆరాక నీళ్ళు పెట్టాలి. నానబెట్టిన చనా తోబ్రాలో పోసి మూతికి కట్టాలి. రాత్రి గుర్రం పక్కనే పడక.

"మరి గడ్డి ఎక్కడిది నానీ?" అని మా చిన్నది అడిగింది. అమ్మీ కాసేపు మాట్లాడలేదు.

గడ్డి ఊరిది. కట్టెలు, కోళ్ళు, డేరాలు మోసే భుజాలు, అన్నీ ఊరివే. పైసా ఇచ్చేది లేదు. అదే వెట్టి. 1935లో మన సిరిసిల్లలోనే నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన మాడపాటి హనుమంతరావు వెట్టి పోవాలని కొట్లాడినవాళ్ళలో ముందువరుస మనిషి. అట్లాంటి రోజుల్లో గరీబు ఇండ్ల ముందు నిలబడి "సర్కారు గుర్రానికి గడ్డి తేండి" అని కేకేసే పని మా నానాది. మోపు మోసుకొచ్చినవాళ్ళను మంచినీళ్ళు కూడా అడగకుండా పంపేవాళ్ళట.

"నేనూ గరీబోణ్నే బిడ్డా. కానీ ఆ పూట నా నోట్లో సాబ్ నాలుక ఉండేది" అని ముసలితనంలో అమ్మీతో అన్నాడట.

మన ఇండ్లల్లో ఒక ఆదత్ ఉంది. నవాబుల జమానా అనగానే మనమూ గుర్రం మీదే ఉన్నట్టు మాట్లాడుకుంటాం. మనలో ఎంతమంది లగాం పట్టుకుని పక్కన నడిచినవాళ్ళో యాది చేసుకోం. బడిలో నేను చేసిందీ అదే.

పొద్దున ఫజర్ నమాజులో అమ్మీ ఆదియాత్ సూరా చదివింది. నానా నేర్పిన సూరా. 11 ఆయతులు. పరుగెత్తే గుర్రాల కసమ్‌తో మొదలై, మనిషి నాషుక్రీ దగ్గరికి వస్తుంది.

తర్వాత సవారీ. మా చిన్నదాని గుర్రం పట్టుకున్న పిల్లగాడికి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు. మేం వెనక నడుస్తున్నాం. రెండో మలుపు దగ్గర గుర్రం ముందరి కాలు ఆనీ ఆనించకుండా వేస్తోంది. పిల్లగాడు గమనించలేదు. అమ్మీ గమనించింది.

"ఠహ్‌రో బేటా, పిల్లను దించు."

కాలు ఎత్తి చూస్తే నాల్‌కూ డెక్కకూ నడుమ కంకర రాయి.

"నానీమా, ఆప్‌కో కైసే మాలూమ్?"

"మేరే అబ్బా సాయీస్ థే" అన్నది అమ్మీ, అందరికీ వినపడేటట్టు. నేను బడిలో దాచిన మాట అది.

నాష్తా వేళకు ఆ పిల్లగాణ్ని మాతోపాటు కూర్చోమంది. పనోళ్ళు మెహమాన్లతో కూర్చోవద్దని అక్కడివాళ్ళు అన్నారు. అమ్మీ ఝగడా పెట్టుకోలేదు. కాటేజీ ముందర చాదర్ పరిచి, ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలు, ఖీమా పెట్టి పిలిచింది. "గుర్రానికి దానా పెట్టి వస్తా నానీమా, అది తినకుండా నేనెట్ల తింట?" అన్నాడు. అమ్మీ కండ్లు తుడుచుకుంది. వాడొచ్చేదాకా మేమెవరం ముద్ద ముట్టలేదు. వాడి చేతుల మీద నీళ్ళు తనే పోసింది.

తిరుగు సఫర్‌లో మా చిన్నది నా ఒళ్ళో తలపెట్టుకుని అడిగింది.

"మమ్మీ, బడిలో నేను గుర్రమెక్కిన అని చెప్పనా?"

"చెప్పు. లగాం ఎవరు పట్టుకున్నరో అది కూడా చెప్పు" అన్నాను.