ఇంజన్ మారిస్తే జీపు మారుతుందా?

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో సెటిలైన నాలాంటి వాళ్ళకి చుట్టాల్లో ఓ విచిత్రమైన హోదా ఉంటుంది. ఆఫీసులో మనం రాసేది జావా కోడన్న సంగతి ఎవరికీ పట్టదు. మిక్సీ తిరక్కపోయినా, స్కూటర్ స్టార్టవ్వకపోయినా "వాడు మెకానికలే కదా, వాణ్ణడగండి" అంటారు. ఉద్యోగంలో చేరి ఏడేళ్ళయింది. చేతికి గ్రీజు అంటి అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. అయినా ఆ డిగ్రీ మాత్రం నన్ను వదల్లేదు.

ఈసారి వచ్చిన ప్రశ్న మాత్రం మిక్సీ లాంటిది కాదు. మా బాబాయ్ తన పాత జీపులో వేరే ఇంజన్, దాంతోపాటే వేరే గేర్‌బాక్సు వేయిద్దామనుకున్నాడు. ఖర్చులో సగం నన్ను పెట్టమన్నాడు. "ఒరే, నువ్వేటంటావు?" అని కూడా అడిగాడు. డబ్బులివ్వడం తేలికే, సమాధానం చెప్పడమే కష్టమైంది. ఎందుకంటే నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందే ఆయన.

బాబాయ్‌ది శృంగవరపుకోట. బోరు మోటార్లు, పంపులు బిగించడం, రిపేరు చేయడం ఆయన పని. అనంతగిరి ఘాట్ ఎక్కి, తారు రోడ్డు వదిలేసి, మట్టి దారుల్లో ఊళ్ళకి పోవాలి. వానాకాలంలో రెండు మూడు గెడ్డలు దాటాలి. జీపు 1995 నాటి మహీంద్రా ఎంఎం 540. అందులో ఉన్నది ప్యూజో లైసెన్సుతో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజన్. అరవై చిల్లర హార్స్‌పవర్, టార్క్ 120 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో. ఈ కాలం కార్ల పక్కన పెడితే నవ్వొచ్చే అంకెలు. పైగా సామాను నింపుకుని ఘాట్ ఎక్కుతుంటే రెండో గేరు కూడా లాగట్లేదట, పొగ కక్కుతోందట.

స్క్రాపులో ఓ కామన్‌రైల్ డీజిల్ ఇంజన్ దొరికింది, ఐదు గేర్ల గేర్‌బాక్సుతో సహా. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈలో 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్ ఉండేవి. ఇదీ ఆ తరగతిదే. అంటే కాగితం మీద పాతదానికి రెట్టింపు. మెకానిక్కు లక్షా అరవై వేలు అడిగాడు, పది రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనాలంటే పది లక్షలు దాటుతుంది. బాబాయ్ లెక్క తప్పని ఎవరు మాత్రం ఎలా అంటారు?

ఈ అలవాటు కూడా కొత్తదేం కాదు. పెట్రోల్ విల్లీస్ జీపులకి డీజిల్ ఇంజన్లు తగిలించడం మన దేశంలో దశాబ్దాలుగా ఉన్నదే. ఆ మాటకొస్తే కంపెనీలూ చేశాయి. మన ఊళ్ళల్లో తిరిగిన పాత జీపుల బానెట్టు అంత ఎత్తుగా ఎందుకుంటుందో తెలుసా? 1953లో విల్లీస్ వాళ్ళు సీజే-3బీ మోడల్‌లో హరికేన్ అనే ఇంజన్ పెట్టారు. అది పాత ఇంజన్ కంటే పొడుగు, పాత బానెట్టు కింద పట్టలేదు. అందుకని బానెట్టూ, ముందు గ్రిల్లూ పైకి లేపారు. ఆ మోడలే తర్వాత మన దేశంలో మహీంద్రా చేతుల్లో ఏళ్ళ తరబడి నడిచింది. ఆ తర్వాత అదే వంశంలోకి ప్యూజో డీజిల్ వచ్చింది. అంటే బాబాయ్ జీపు కూడా ఓ ఇంజన్ మార్పిడికి పుట్టిన బిడ్డే.

తేడా ఏంటంటే, కంపెనీ ఇంజన్ మార్చినప్పుడు దాని చుట్టూ ఉన్నవన్నీ మళ్ళీ చూసుకుంటుంది. రోడ్డు పక్క షెడ్డులో ఇంజన్ మారుస్తారు, చుట్టూ ఉన్నవాటిని సర్దుకోమంటారు.

ఆ "చుట్టూ ఉన్నవి" ఏంటో ఓసారి చూద్దాం. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య బెల్ హౌసింగ్ బోల్టులు కలవాలి. కలవకపోతే మధ్యలో అడాప్టర్ ప్లేటు వేస్తారు. అది వెంట్రుకవాసి పక్కకి ఉన్నా గేర్‌బాక్సు షాఫ్టూ, బేరింగులూ తినేస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ సంప్ ఉంటుంది, జీపులో సరిగ్గా దాని కిందే ముందు యాక్సిల్ ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు యాక్సిల్ పైకి లేస్తుంది. షెడ్డులో నిలబెట్టినప్పుడు ఉన్న రెండంగుళాల ఖాళీ గెడ్డలో ఉండదు. కొత్త సెట్టు పాతదానికంటే పొడుగైతే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిదవుతుంది, దాని వాలు పెరుగుతుంది, క్రాసులు త్వరగా పోతాయి. ముందు బరువు పెరిగితే కమాన్ కట్టలు కుంగుతాయి. రెట్టింపు టార్క్ గేర్‌బాక్సు దగ్గర ఆగిపోదు కదా, దాన్ని మోయాల్సింది 120 కోసం చేసిన వెనక క్రౌనూ యాక్సిలే.

ఇవన్నీ మంచి మెకానిక్కు పరిష్కరించగలడు, ఒప్పుకుంటాను. కానీ ఈ గేర్‌బాక్సు వచ్చింది టూ వీల్ డ్రైవ్ బండిలోంచి. దానికి ట్రాన్స్‌ఫర్ కేస్, అదే మన మెకానిక్కులు స్పెషల్ గేరు అంటారే, అది తగిలించే చోటే లేదు. ఇదే ఫోన్లో అడిగితే "ముందు బండి నడవనీయండి సార్, ఫోర్ వీల్ తర్వాత చూద్దాం" అన్నాడు. తర్వాత చూద్దాం అన్న పని ఏ ప్రాజెక్టులో అయినా ఎప్పుడు జరుగుతుందో మనకి తెలీదా :)

నా అభ్యంతరం మొత్తం ఇక్కడే ఉంది. మనం జీపంటే ఇంజన్ అనుకుంటాం. జీపంటే గేర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ ఎంబీ తీసుకోండి. ఇంజన్‌ది 60 హార్స్‌పవర్, 142 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు 2.665, లో రేంజ్ 1.97, యాక్సిల్ 4.88. ఈ మూడూ గుణిస్తే 25.6 వస్తుంది. అంటే ఇంజన్ దగ్గర 142గా ఉన్న టార్క్, రాపిడికి పోయేది పక్కన పెడితే, చక్రాల దగ్గరకొచ్చేసరికి 3,600 దాటుతుంది. అందులో లో రేంజ్ తీసేస్తే అది సగానికి పడిపోతుంది. అంటే ఇంజన్‌ని రెట్టింపు చేసి లో రేంజ్ పోగొట్టుకుంటే, మట్టి ఎక్కుడులో మొదటి గేరు దగ్గర మనకి మిగిలేది దాదాపు సున్నా. పైగా ముందు చక్రాలు కూడా పోయాయి.

అమెరికాలో ఉన్న మిత్రులకి రాంగ్లర్ రూబికాన్ తెలిసే ఉంటుంది. 2003లో మొదటి రూబికాన్ వచ్చినప్పుడు, జీప్ కంపెనీ దానికి కొత్త ఇంజన్ పెట్టలేదు. మిగతా రాంగ్లర్లలో ఉన్న 4.0 లీటర్ల ఇంజనే. మార్చింది లో రేంజ్ గేరు, 2.72 నుంచి 4కి. దాంతో బాటు గట్టి యాక్సిళ్ళు, లాకయ్యే డిఫరెన్షియళ్ళు. కొండ బాట కోసం బండి చేసేవాళ్ళు డబ్బు ఎక్కడ పెట్టారో చూశారా?

ఇక మన వృత్తికి దగ్గరి సంగతి. పాత ఇంజన్‌కి కావలసిన కరెంటు దాదాపు ఒక్క వైరు, పంపు మీద ఉన్న స్టాప్ సోలినాయిడ్‌కి. కామన్‌రైల్ ఇంజన్ అలా కాదు. ఈసీయూ, క్రాంక్ సెన్సరు, రైలు ప్రెషరు సెన్సరు, పెడల్ సెన్సరు, తాళంచెవిని గుర్తుపడితేగానీ స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజర్. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఒక్కటి అలిగినా ఇంజన్ నీరసపడుతుంది, లేదా ఆగిపోతుంది. గెడ్డ మధ్యలో నీళ్ళు తగిలి ఓ కనెక్టర్ పోతే, అనంతగిరి అవతల స్కానర్ పెట్టి ఎర్రర్ కోడు చదివేదెవరు? పాత ఇంజన్‌ని బాబాయ్ రోడ్డు మీద విప్పి బిగించగలడు. కొత్తదాని ముందు ఆయనా మనలాగే టికెట్ రైజ్ చేసి కూర్చోవాల్సిందే.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంజన్ మార్చేవాళ్ళందరూ ఎక్కడం గురించే ఆలోచిస్తారు. ఎక్కిన బండి దిగాలి కూడా. రెండు టన్నుల బరువుతో జీపు 800 మీటర్లు దిగితే ఎంత శక్తి ఖర్చవ్వాలో లెక్క కట్టాను. సుమారు 15.7 మెగాజౌళ్ళు. యాభై లీటర్ల చన్నీళ్ళని మరిగించేంత వేడి. ఇంజన్ పట్టి ఉంచేది పోగా మిగిలినదంతా ఆ నాలుగు డ్రమ్ బ్రేకులే తాగాలి. తక్కువ గేర్లుంటే ఇంజనే చాలావరకు పట్టి ఉంచుతుంది. ఎత్తు గేర్ల కొత్త సెట్టుతో, పాత బ్రేకులతో, ఇంకాస్త ఎక్కువ వేగంతో దిగుతుంటే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. మా పిన్ని ఇంజనీరింగ్ చదవలేదు గానీ మొదట్నుంచీ ఆవిడ అడిగింది ఒక్కటే: "బ్రేకులు కూడా మారుస్తారా?" అని. మెకానిక్కు ఇచ్చిన ఎస్టిమేటులో బ్రేకుల మాటే లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. అదే రకం ఇంజన్ అయితే ఆర్టీఓ అనుమతితో ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకునే దారి ఉంది. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటి వాటికి ఆమోదించిన కిట్లతో మార్చుకునే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. స్క్రాపులోంచి వచ్చిన వేరే మోడల్ ఇంజన్‌కి మాత్రం ఈ దారుల్లో ఏదీ పనికిరాదు. "ఎవడు చూస్తాడ్రా" అంటాడు బాబాయ్. మామూలు రోజుల్లో ఎవడూ చూడడు, నిజమే. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాడు చూస్తాడు. సంతరోజున ఆ జీపు వెనక ఎంతమంది ఎక్కుతారో నాకు తెలుసు.

ఇదంతా చెప్తే బాబాయ్ ఓపిగ్గానే విన్నాడు. విని, "నువ్వు సెప్పిందంతా బాగానే ఉందిరా. వానలో ఆ ఎక్కుడు దగ్గిర బండి ఆగిపోతే నీ లెక్క వచ్చి తోస్తుందేటి?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఏసీ గదిలో కూర్చుని కొండ మీద తిరిగేవాడికి నీతులు చెప్పడం తేలికని నాకూ తెలుసు.

అందుకని ఒక్కటే అడిగాను. ఆ ఇంజన్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందు పాత ఇంజన్ కంప్రెషన్ ఓసారి చూపించమని. చూపిస్తే, నాలుగు సిలిండర్లలో రెండిటికి బాగా పడిపోయి ఉంది. అంటే బాబాయ్ ఇన్నాళ్ళూ కొత్త ఇంజన్‌ని పోల్చుకుంటున్నది తన ఇంజన్‌తో కాదు, ముప్ఫై ఏళ్ళు అరిగిపోయిన దాని నీడతో. పాత సిస్టం నెమ్మదిగా ఉందని మొత్తం తిరగరాద్దామనే మేనేజర్లు మనకి కొత్త కాదు. అసలు ఎక్కడ నెమ్మదిగా ఉందో ఎవరూ కొలవరు. కొలిస్తే చాలాసార్లు తిరగరాయక్కర్లేదు.

చివరికి బోరు చేయించి పిస్టన్లు మార్చాం. పంపు, నాజిళ్ళు, రేడియేటర్ కోరు, నాలుగు చక్రాల బ్రేకులు అన్నీ కలిపి లక్షా పదివేలు అయింది. ఏమంత చవక కాదు. సామాన్ల కోసం మూడు వారాలు షెడ్డులోనే ఉంది, ఆ మూడు వారాలూ బాబాయ్ అద్దె బండిలో తిరిగాడు. ఇప్పుడు పొగ లేదు, ఘాట్‌లో రెండో గేరు లాగుతోంది. అయినా లారీ వెనకాలే ఎక్కుతాడు, దాటలేడు. "ఆ ఇంజన్ వేయించుంటే దాటేసేవోణ్ణి" అని ఇప్పటికీ అంటుంటాడు. నిజమే, దాటేసేవాడు.

ఇంజన్ మార్చడమే తప్పని నేననను. పబ్లిక్ రోడ్డెక్కని పోటీ బండికి, అన్ని లెక్కలూ కట్టి, బ్రేకుల దగ్గర్నుంచి క్రౌను దాకా అన్నీ మార్చుకునేవాళ్ళు నిక్షేపంగా చేసుకోవచ్చు. అది గొప్ప ఇంజనీరింగే. జీపు మీద కడుపు నింపుకునేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ పాత ఇంజన్లకి సామాన్లు ఏటికేడు దొరకడం మానేస్తున్నాయి. ఈ జీపు రిజిస్ట్రేషన్ 2030లో మళ్ళీ రెన్యువల్‌కి వస్తుంది. అప్పటికి ఈ పిస్టన్లు కూడా దొరక్కపోతే బాబాయ్ మళ్ళీ ఫోన్ చేస్తాడు. అప్పుడు ఇంజన్ లెక్కలు చెప్పి తప్పించుకోలేను, బండి కొనడానికి డబ్బులు సర్దాలి. అందుకే పోయిన నెల నుంచి విడిగా ఓ రికరింగ్ డిపాజిట్ మొదలెట్టాను. ఆయనకింకా చెప్పలేదు.