ఎర్రావు కట్టేసి ఉన్న ఇల్లు

మా అత్తగారికి చిరునామా చెప్పడం రాదు. రాదంటే ఆవిడ ఒప్పుకోరు లెండి. ఓసారి మా ఆడపడుచు వియ్యాలవారు మొదటిసారి మా ఇంటికి వస్తూ ఫోన్ చేసి గుర్తులడిగితే, "గుడి దాటగానే ఎర్రావు కట్టేసి ఉన్న ఇల్లమ్మా" అన్నారు. ఆవిడ చెప్పింది పొద్దున్న. వాళ్లొచ్చింది మిట్టమధ్యాహ్నం. అప్పటికి ఆవు మేతకు పోయింది. పాపం వాళ్లు ఆ ఎండలో రెండు వీధులు తిరిగి, ఎర్రావు కనిపించిన ఇంట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కున్నారు కూడాను! ఆ ఇల్లు మాది కాదు.

ఏళ్ల తరబడి ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించినదాన్ని నేనే. ఇప్పుడు నోరు మూసుకున్నాను. నేనూ అదే పని చేశాను మరి. అదీ నలభైమంది ఆడపిల్లలకి.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్షరాస్యత తరగతుల్లో నాలుగక్షరాలు నేర్చుకున్న ఆ ఆడవాళ్లు మొదలుపెట్టిన గొడవ జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. దాని మీద మంచి వ్యాసం ఒకటి మా లైబ్రరీ చందా కట్టే డేటాబేస్‌లో దొరికింది. కంప్యూటర్ తెర మీద పైన కనిపించే బారెడు అడ్రసుని కాపీ చేసి, పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఓసారి నొక్కి చూశాను కూడా. చక్కగా తెరుచుకుంది.

మర్నాడు పిల్లలంతా ఒకటే మాట: "మేడమ్, సెషన్ ఎక్స్‌పైర్డ్ అని వస్తోంది." చదవకుండా తప్పించుకోవడానికి ఇదో వంక అనుకున్నాను. నాకు తెరుచుకున్నది వీళ్లకెందుకు తెరుచుకోదు? కాస్త గట్టిగానే కేకలేశాను.

మా లైబ్రేరియన్ గారు విని నవ్వారు. "మీరిచ్చింది వ్యాసం అడ్రసు కాదండీ, మీ టోకెన్ నంబరు" అన్నారు. డాక్టరు గారి దగ్గర టోకెన్ తీసుకుంటాం చూడండి, అలాగన్నమాట. మనం వెళ్లి ఏదైనా వెతకగానే డేటాబేస్ మన పేర ఒక టోకెన్ రాసుకుంటుంది. పైన కనిపించే ఆ బారెడు అడ్రసులో సగం ఆ టోకెనే. మనం కాసేపు కదలకుండా కూర్చున్నా, లేచి వెళ్లిపోయినా అది చెల్లదు. ఎర్రావు మేతకు పోయినట్టే!

అసలు చిరునామా అదే పేజీలో వేరే ఉంటుందిట. కొన్నిచోట్ల 'పర్మాలింక్' అనే బొత్తాం ఉంటుంది. జేస్టోర్‌లో అయితే 'స్టేబుల్' అనే మాట, దాని పక్కన ఓ నంబరూ ఉన్న అడ్రసు. చాలా వ్యాసాలకి డి.ఓ.ఐ. అని 10 అంకెతో మొదలయ్యే నంబరు ఉంటుంది. 2000 నాటి నుంచి ఇస్తున్నారు. అది ఆధార్ లాంటిది. పత్రిక చేతులు మారినా, కాపురం ఇంకో వెబ్‌సైట్‌కి మార్చినా నంబరు మారదు. కొత్త ఇల్లెక్కడో ప్రచురణకర్తలు రికార్డులో రాయించుకుంటే చాలు. మన దేశపు పరిశోధనా గ్రంథాలుండే శోధ్‌గంగలో కూడా ప్రతి గ్రంథానికీ 10603 తో మొదలయ్యే ఇలాంటి శాశ్వత చిరునామాయే ఉంటుంది. అక్కడ చందా గొడవ కూడా లేదు.

ఇంత చిన్న సంగతి ముందే ఎవరూ ఎందుకు చెప్పరో! పప్పులో ఉప్పు వేశావా అని మాత్రం పదిమంది అడుగుతారు.

పర్మాలింక్ పంపాను. కాలేజీలో అందరికీ తెరుచుకుంది. నా బరువు దిగింది అనుకున్నాను. రెండు వారాలకి క్లాసులో చర్చ పెడితే, వెనక బెంచీలో కూర్చునే ఓ పిల్ల ఒక్క ముక్క మాట్లాడలేదు. మార్కులు వేయనన్నాను. తల వంచుకుంది. తరవాత స్టాఫ్ రూముకి పిలిచి అడిగితే చెప్పింది. ఆ రెండు వారాలూ అమ్మమ్మకి బాగాలేక ఊళ్లో ఉండిపోయిందిట. ఇంటి దగ్గర డబ్బులు కట్టమని వచ్చిందిట. "నా ఫోను మంచిది కాదేమో అనుకున్నాను మేడమ్." ఎవర్నీ అడగలేదు. అంతకుముందు నేనేసిన కేకలు గుర్తుండి ఉంటాయి.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

కాలేజీ ఆవరణలో ఉన్నంతసేపూ డేటాబేస్ మనల్ని ఇంటివాళ్లుగానే గుర్తుపడుతుంది. గేటు దాటితే పరాయివాళ్లం. బయటినుంచి చదవాలంటే ఆ శాశ్వత చిరునామాకి ముందు మా లైబ్రరీ వారి 'ప్రాక్సీ' అడ్రసు తగిలించాలి. అప్పుడది ముందు మన పేరూ పాస్‌వర్డూ అడిగి, లోపలికి పంపిస్తుంది. కొన్ని డేటాబేసులు తమంతట తామే తగిలిస్తాయి. కొన్నింటికి మనమే తగిలించాలి. నేను కాలేజీలోనే కూర్చుని పరీక్షించుకున్నాను కనక నాకీ తేడా తెలియలేదు.

ఈసారి లింకు తయారుచేసి, ఇంటికొచ్చి, వైఫై ఆపేసి, మా అత్తగారి ఫోనులో నొక్కి చూశాను. పాస్‌వర్డు అడిగింది. ఇచ్చాను, తెరుచుకుంది. లింకు కింద రచయిత పేరు, వ్యాసం పేరు, పత్రిక, సంవత్సరం కూడా రాశాను. లైబ్రరీ రేపు చందా మానేస్తే ఎంత శాశ్వతమైన లింకైనా తాళం వేసిన తలుపే. పేరు తెలిస్తే ఇంకోచోట వెతుక్కోవచ్చు. "నా ఫోనుతో ఏం చేస్తున్నావే?" అన్నారు మా అత్తగారు. చెప్పాను. "అయితే ఆవుని కట్టేశావన్నమాట" అన్నారు. ఇన్నేళ్ల బాకీ తీర్చేసుకున్నారు!

ఆ పిల్లకి విడిగా పంపి, తప్పు నాదేనని కూడా రాశాను. నాలుగు రోజులు జవాబు లేదు. అయిదోరోజు రాత్రి వచ్చింది. వ్యాసం మొత్తం తెలుగులో అమ్మమ్మకి చదివి వినిపించిందిట. వాళ్లది దూబగుంటకి దగ్గర ఊరే. ఆ రోజుల్లో సారా కుండలు పగలగొట్టిన వాళ్లలో ఆవిడా ఉందిట. మంచం మీదే లేచి కూర్చుని, "రాసినోళ్లు మమ్మల్ని అడిగుంటే ఇంకా చెప్పేవాళ్లం గదా" అందిట.

మార్కుల సంగతి నేను సరిచేశాను. ఆ పిల్ల మాత్రం దాని గురించి అడగనే లేదు. "రేపు మా పిన్ని వస్తోంది మేడమ్. అప్పటికి కూడా ఈ లింకు పనిచేస్తుందా?" అని అడిగింది.