జీర్ణోద్ధరణకు ఒక విమానం

“అమ్మకమునకు జంట రెక్కల విమానము గలదు. చట్రము, నాలుగు రెక్కలు, ఊడదీసిన ఇంజను, లాగ్ పుస్తకములు సహా. పూర్తిగా జీర్ణోద్ధరణ చేయించుకొనవలెను. ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోటనే.”

ఇటువంటి ప్రకటన తెలుగు పత్రికల్లో మీరు చూసి ఉండరు. పాడిగేదెలూ, పాత కార్లూ, ఈశాన్యం మూల ప్లాట్లూ అమ్మకానికి వస్తాయిగాని విమానాలు రావు. ఇంగ్లండు, అమెరికా దేశాల వైమానిక పత్రికల్లో మాత్రం ఇవి కొత్త కాదు. అలాంటి ప్రకటన నొకదాన్ని తెలుగు చేసిపెట్టమని నా దగ్గరికి తెచ్చినవారు, మా కొత్తపేట కాలనీ పిల్లలంతా ‘విమానం తాత’ అని పిలుచుకునే ఒక పెద్దమనిషి. ఎనభై దాటినవారు. 1960లలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్కుల చేతికింద కుర్రాడుగా చేరి, విమానపు రెక్కలకు గుడ్డ కుట్టడం నేర్చుకున్నారట.

ఆ విమానం కొనే స్తోమత ఆయనకు లేదు, ఉద్దేశమూ లేదు. ఆయన కోరిక వేరు. ఆ కాగితం చేత పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా వెళ్ళాలి. దీన్ని బాగుచేయగల చేతులు ఈ దారిలో ఉన్నాయో లేవో చూడాలి. ఉంటే, తనకు వచ్చింది వారికి చూపించాలి. “ఇంగ్లీషులో ఉంటే మనవాళ్ళు దణ్ణం పెట్టి పొమ్మంటారు మాష్టారూ. తెలుగులో ఉంటే ఒక్క నిమిషమన్నా వింటారు” అన్నారు.

తెలుగు చేయడం అనుకున్నంత తేలిక కాలేదు. ‘రెస్టొరేషన్’ అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. మరమ్మత్తు అంటే చాలదు. ఓవర్‌హాలింగ్ అంటే ఇంజనుకు సరిపోతుందిగాని చెక్కకూ గుడ్డకూ సరిపోదు. చివరికి గుడి మాట ఒకటి దొరికింది, జీర్ణోద్ధరణ. అది అజీర్తి మందా అని అడిగాడు మా అబ్బాయి. వాతాపి జీర్ణమూ, గుడి జీర్ణమూ ఒక్కటేరా అన్నాను. తెలుగులోనూ అంతే కదా, తిన్న అన్నమూ అరుగుతుంది, తొడిగిన చెప్పులూ అరుగుతాయి.

ప్రకటనలోని విమానం పేరు టైగర్ మాత్. బ్రిటన్‌లోని డి హావిలండ్ కంపెనీ తయారీ. మొదటిసారి 1931 అక్టోబరు 26న గాలిలోకి లేచింది. తరవాత ఎనిమిది వేలకు పైగా తయారైనాయి. పైన ఒక జత, కింద ఒక జత రెక్కలు. ముందొకరు, వెనకొకరు కూర్చునే రెండు గుంటలు. వెనకనున్న శిష్యుడితో గురువు ఒక గొట్టంలోంచి మాట్లాడతాడు. బ్రేకులు లేవు. పంకాను చేత్తో తిప్పితే ఇంజను అందుకుంటుంది. ఇంజను బలం 130 గుర్రాలు. ఖాళీ విమానం బరువు దాదాపు అయిదు వందల కిలోలు. అంటే ఒకప్పటి మన మారుతి 800 కారుకంటే తేలిక అన్నమాట!

ఇది మన ఊరికి పరాయిది కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలో వైమానికదళంవారి ప్రాథమిక శిక్షణ పాఠశాల ఉండేది. అక్కడ కుర్రవాళ్ళు ఓనమాలు దిద్దుకున్నది ఈ టైగర్ మాత్ మీదనే. అదే బేగంపేట నుంచి తరవాత డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు ఎగిరాయి. దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయాయి. ఇప్పుడు మా తూర్పు వైపు పిల్లలకు విమానమంటే ఆకాశంలో తెల్లగీత మాత్రమే.

రెండో శనివారం కాలేజీకి సెలవు. ఉదయం పదింటికి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను కింద ఇద్దరం కలుసుకున్నాం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్‌కు రైలు పడిన దగ్గర నుంచి ఈ రోడ్డుకు నెత్తిన గొడుగు వచ్చినట్టయింది. కింద మాత్రం మార్పేమీ లేదు. కోచింగ్ సెంటర్ల ర్యాంకుల బోర్డులు, హాస్టళ్ళ మెట్లమీద ఆరేసిన తువ్వాళ్ళు, చీరల దుకాణాలు, సాయిబాబా గుడికి వెళ్ళేవారి రద్దీ. విమానం తాత ఇవేవీ చూడలేదు. తిన్నగా ఒక సందులోని కారు సీట్ల కవర్లు కుట్టే దుకాణానికి తీసుకువెళ్ళారు.

దుకాణదారు మర్యాదస్థుడు. ప్రకటన విని నవ్వలేదు. “మిషను మీద ఎన్ని గజాలైనా కుడతాం తాతగారూ” అన్నాడు. తాత జేబులోంచి ఒక సూది తీశారు. జానెడున్నర పొడుగు! చెక్క రెక్కకు పైనా కిందా గుడ్డ కప్పి, మైనం పట్టిన దారంతో, లోపలి పక్కటెముకలను చుట్టివచ్చేలా ఈ సూదితో కుడతారట. ఈ పక్క గుచ్చితే ఆ పక్క తేలాలి. ప్రతి కుట్టుకూ విడిగా ముడి ఉండాలి. ఒక కుట్టు తెగినా రెండోది జారకూడదు. ఆ ముడి మన జాలరులు వల అల్లేటప్పుడు వేసే ముడి వంటిదే. కుట్టిన తరవాత ‘డోప్’ అనే వార్నిషు పూస్తారు. అది ఆరేకొద్దీ గుడ్డ డప్పు మీది తోలులా బిగుసుకుంటుంది. పైన వేసే వెండిరంగు సోకు కోసం కాదు, గుడ్డను ఎండ తినేయకుండా. నిప్పురవ్వ తగిలితే మాత్రం భగ్గుమంటుంది కనుక ఆ పాకలో బీడీ వాసనకూడా రానిచ్చేవారు కాదట.

దుకాణదారు సూదిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నెల రోజులు నేర్పితే మా తమ్ముడు చేస్తాడు. కాని ఎవరికి చేస్తాడు?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే! మేం సమాధానం చెప్పకుండానే బయటికి వచ్చాం.

కొత్తపేటలో ద్వారబంధాలు చేసే వడ్రంగి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాం. రెక్కల దూలాలకు స్ప్రూస్ అనే కర్ర వాడతారు. ఉత్తర అమెరికా పడమటి తీరపు చెట్టు అది. చాలా తేలిక, అయినా గట్టిది. నార చివరిదాకా తిన్నగా పోవాలి. ముడి ఉన్న కర్ర పనికిరాదు. వడ్రంగికి ఇదంతా చెప్పక్కర్లేకపోయింది. ఒక టేకు చెక్క ఎత్తి, కన్ను చికిలించి, నార ఎటు పోతున్నదో తనే చూపించాడు. అతను ఆశ్చర్యపడింది జిగురు సంగతి విని. పాతకాలపు చెక్క విమానాలను పాల విరుగుడులోని కేసీన్‌తో చేసిన జిగురుతో అతికేవారు. చెమ్మ తగిలితే దానికి బూజు పడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి పాకలో పడిఉన్న రెక్క పైకి ఎంత చక్కగా కనిపించినా నమ్మడానికి లేదు, గుడ్డ విప్పి ప్రతి అతుకూ చూసుకోవలసిందే. ‘పూర్తి జీర్ణోద్ధరణ’ అని ప్రకటనలో రాసినవాడు కొనేవాణ్ణి బెదరగొట్టడం లేదు. నిజాయితీగా చెప్తున్నాడు.

విక్టోరియా మెమోరియల్ స్టేషను దాటుతుంటే ఎడంవైపు ఒకప్పటి పండ్ల మార్కెట్టు స్థలం వచ్చింది. వేసవిలో ఈ దారిన పోతే మామిడిపండ్ల వాసన బస్సులోకే వచ్చేది. మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. మంచిదే. అయినా జూన్ నెలలో ఇటు వచ్చినప్పుడు నా ముక్కు మాత్రం ఇంకా వెతుక్కుంటుంది.

ఎల్.బి. నగర్ చౌరస్తా దగ్గర పాత ఇనుప సామాన్ల దుకాణంవాడు ప్రకటన వింటూనే తూకం మాటెత్తాడు. చెక్కకు ధర లేదు, గుడ్డకు లేదు. చట్రంలోని ఉక్కు గొట్టాలకు ఏదో ఇస్తానన్నాడు. లెక్క వేస్తే మనవూళ్ళో ఒక మంచి పెళ్ళిభోజనానికి కూరగాయలు కూడా రావు! పెద్ద విమానాల సంగతి వేరు. 2022 నవంబరులో కేరళ నుంచి హైదరాబాదుకు లారీమీద వస్తున్న ఒక పాత ఎయిర్‌బస్ బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర వంతెన కింద ఇరుక్కుపోవడం మీకు జ్ఞాపకముండే ఉంటుంది. దాన్ని హోటలుగా మారుస్తారని పత్రికలు రాశాయి. మేదరమెట్ల నుంచి అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా వచ్చే దారి ఈ చౌరస్తాకే చేరుతుంది. అల్యూమినియం విమానం చచ్చినా ఏనుగే. తూకానికి వెయ్యవచ్చు, లోపల బిర్యానీ వడ్డించవచ్చు. జంట రెక్కల పిట్టకు ఆ యోగం లేదు. అది ఎగరాలి, లేకపోతే వంటచెరకు.

మరి దాన్ని డబ్బిచ్చి కొనేవాడు కొంటున్నది ఏమిటి? టీ దుకాణం బెంచీ మీద కూర్చుని ఈ మాట అడిగాను. “పుస్తకాలూ, రేకుముక్కా” అన్నారు తాత. లాగ్ పుస్తకాల్లో ఆ విమానం ఎగిరిన ప్రతి గంటా, మార్చిన ప్రతి భాగమూ రాసి ఉంటాయి. చట్రానికి కొట్టిన చిన్న రేకు మీద కంపెనీ వేసిన నంబరు ఉంటుంది. గుడ్డ కొత్తది కావచ్చు, దూలాలు కొత్తవి కావచ్చు, బోల్టులన్నీ మారవచ్చు. ఆ రేకూ ఆ పుస్తకాలూ ఉంటే అది ఆ విమానమే. అవి పోతే, భాగాలన్నీ అసలువే అయినా, అది ఒట్టి సామాను.

నాకు వెంటనే యాదగిరిగుట్ట తోచింది. పునర్నిర్మాణం జరిగినన్నాళ్ళూ స్వామి బాలాలయంలో ఉన్నారు. 2022 మార్చి 28న మళ్ళీ గర్భాలయ దర్శనం మొదలైంది. గోపురాలు కొత్తవి, ప్రాకారాలు కొత్తవి. గుడి కొత్తదని ఎవరన్నా అన్నారా? నా మాట తప్పుపోలేదని కాస్త గర్వం కలిగిన మాట నిజం.

తాత అప్పుడు చెప్పారు తమ క్లబ్బు కథ. ఆ క్లబ్బు పేరు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కొత్త విమానాలు వచ్చాయి. పాత టైగర్ మాత్‌ను వెనకపాకలోకి తోశారు. నాలుగైదు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు గుమాస్తా గది సర్దుతూ లాగ్ పుస్తకాలను చిత్తుకాగితాల్లో వేసేశాడు. అంతే! ఆ తరవాత దాన్ని అడిగేవాడు లేకపోయాడు. రెక్కలు విరిచి చలిమంట వేసుకున్నారు. “నేను కుట్టిన గుడ్డే మాష్టారూ. డోప్ పూసింది కదా, ఎంత బాగా మండిందో!” అని నవ్వారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

అన్నిటికీ అదే గతి పట్టలేదు. మన వైమానికదళంవారి టైగర్ మాత్ నొకదాన్ని బ్రిటన్‌లో ఒక సంస్థ చేత పునరుద్ధరింపజేస్తే, 2012లో అది మళ్ళీ మన ఆకాశంలో ఎగిరింది. ఐర్లండులో తుక్కుగా పడిఉన్న ఒక డకోటాను, డకోటాలు నడిపిన పైలట్ కుమారుడైన రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో బాగుచేయించి, వైమానికదళానికి కానుకగా ఇచ్చారు. 2018లో అది ‘పరశురామ’ పేరుతో స్వదేశం చేరింది. రెండూ సంతోషించదగినవే. కాని రెండింటికీ పని జరిగింది సీమలో. కుట్టడం తెలిసిన చేతులు ఇక్కడ లేవనా? చేతులుంటే చాలదు. చేసిన పనికి పౌర విమానయాన డైరెక్టరేటు ఆమోదం కావాలి, రిజిస్ట్రేషన్ కావాలి, ఎగరడానికి యోగ్యమన్న పత్రం కావాలి. 1934 నాటి విమాన చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారిందిగాని పత్రాల అవసరం పోలేదు. పోకూడదు కూడా. గాలిలో దారం తెగితే పక్కకు ఆపుకోవడానికి విజయవాడ రోడ్డు కాదు కదా!

టీ తాగి ఆటో ఎక్కి ఆటోనగర్ చేరేసరికి రెండయింది. లారీల నగరం అది. ఒకవైపు వెల్డింగు మెరుపులు, ఒకవైపు రంగుల వాసన, ఎటు చూసినా తలలు తీసిన లారీలు. లారీ బాడీ కట్టే ఒక షెడ్డు ముందు తాత ఆగిపోయారు. అక్కడ ఒకే చూరు కింద వడ్రంగీ ఉన్నాడు, వెల్డరూ ఉన్నాడు, టార్పాలిను కుట్టే కుర్రవాడూ ఉన్నాడు. చెక్క, ఉక్కు, గుడ్డ మూడూ ఒకచోట. క్లబ్బు పాక కూడా అచ్చం ఇలాగే ఉండేదట.

షెడ్డు మేస్త్రీ నల్లగొండ వైపు మనిషి. ప్రకటన మొత్తం చదివించుకున్నాడు. పొడుగెంత, వెడల్పెంత అని అడిగాడు. రెక్కల కొస నుంచి కొసకు ఇరవైతొమ్మిది అడుగుల చిల్లర అన్నాను. “గింతేనా సార్? లారీ డాలాకంటె అల్కగనే ఉన్నది గద. ఎన్ని బరువులు మొయ్యాలె?” అన్నాడు. ఇద్దరు మనుషుల్ని, పద్ధెనిమిది పందొమ్మిది గ్యాలన్ల పెట్రోలుని అంటే, మొహంలో కొంచెం నిరుత్సాహం కనిపించింది.

టార్పాలిను కుర్రవాడు మాత్రం సూదిని చూసి దగ్గరికి వచ్చాడు. తాత ఒక పాత టార్పాలిను ముక్కను రెండు పుల్లలకు చుట్టి, దారానికి మైనం రాసి, నేలమీదనే చతికిలబడి కుట్టడం మొదలుపెట్టారు. మొదటి ముడి మెల్లగా వేసి చూపించారు. రెండోది కుర్రవాణ్ణి వేయమన్నారు. అతను వేశాడు. తాత గోటితో లాగి చూశారు, జారిపోయింది. “మళ్ళా చూపియ్యి తాతా” అన్నాడు కుర్రవాడు. మేస్త్రీ గడియారం చూసుకుని, ఏదో అనబోయి, ఊరుకున్నాడు. అయిదో ముడి జారలేదు.

చీకటి పడేలోగా బయలుదేరదామన్నాను. తాత సూది తీసుకోకుండానే లేచారు. జ్ఞాపకం చేశాను. “వచ్చే శనివారం దాకా ఉండనివ్వండి. పన్నెండు ముడులు వేసి ఉంచమని చెప్పాను” అన్నారు.