బల్లి ఎందుకు పడదు?

మొన్న వేసవి సెలవులకి మా అమ్మాయి తన కూతుర్ని తీసుకుని మా ఇంటికొచ్చింది. మనవరాలికి ఏడేళ్లు. ఒకరోజు రాత్రి అది వంటింట్లో పీట మీద కూర్చుని పప్పన్నం తింటూ, పైకప్పు కేసి చూసి, "అమ్మా, బల్లి తలకిందులుగా నడుస్తోంది కదా, కిందెందుకు పడదు?" అని అడిగింది. మా అమ్మాయి ముద్ద కలుపుతూనే, "పిచ్చి ప్రశ్నలు మాని అన్నం తిను, చల్లారిపోతోంది" అంది.

నిజం చెప్పొద్దూ, నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ మాట నాది! పాతికేళ్ల కిందట ఇదే వంటింట్లో, ఇదే ప్రశ్న మా అమ్మాయి అడిగితే నేనన్న మాట. మాటే కాదు, ఆ విసుగు కూడా నాదే. ఆ తర్వాత అది ఇంకో నాలుగైదుసార్లు ఏవేవో అడిగింది. నేను అలాగే కసిరాను. క్రమంగా అడగడం మానేసింది. "మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో, ఒక్క ప్రశ్న వేయదు" అని ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకున్నాను కూడా!

అక్కయ్యలూ, చెల్లెళ్లూ, మీలో ఈ మాట ఎప్పుడూ అననివాళ్లు ఎందరో చేతులెత్తండి చూద్దాం. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద పోపు, అవతల బడికి వేళవుతూంటే బల్లి గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది అంటారా? నిజమే. కానీ అసలు సంగతి ఇంకోటుంది. జవాబు మనకి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం కన్నా కసరడం తేలిక.

ఆ రాత్రి మనవరాలితో, "నాకూ తెలీదే తల్లీ, రేపు ఇద్దరం కలిసి తెలుసుకుందాం" అన్నాను. పాల లెక్క రాసే నోటుపుస్తకం వెనక పేజీలో ఆ ప్రశ్న రాయించాను. లైబ్రరీ పుస్తకాలూ, ఫోనూ వెతికి జవాబులు రాస్తూ పోయాం. సెలవులయ్యేసరికి పుస్తకం సగం నిండింది. అందులో కొన్ని మీకూ చెబుతాను, వినండి.

ముందు బల్లి సంగతి. బల్లి మన మీద పడితే ఏ ఫలితమో తల నుంచి కాలి వేలి దాకా పంచాంగంలో ఉంటుంది. అది పడకుండా ఎలా ఉంటుందో మాత్రం ఉండదు! దాని కాళ్లకి జిగురుంటుందని నేననుకునేదాన్ని. కాదట. టోకే అనే పెద్ద జాతి బల్లికి ఒక్కో పాదం కింద దాదాపు 5 లక్షల సన్నని వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక కొస మళ్లీ వందల పాయలుగా చీలి ఉంటుంది. ఆ కొసలు గోడకి ఎంత దగ్గరగా ఆనుతాయంటే, వాటి అణువులకీ గోడ అణువులకీ మధ్య ఉండే ఆకర్షణే పట్టుగా పనిచేస్తుంది. ఒక్కొక్క పట్టు బహు చిన్నది. లక్షలు కలిస్తే బల్లి బరువు ఒక లెక్కే కాదు. 2000లో అమెరికాలో కెల్లర్ ఆటమ్ అనే శాస్త్రజ్ఞుడు, తోటివాళ్లతో కలిసి, ఒక్క వెంట్రుకకి ఎంత పట్టుందో కొలిచి చూపించాడు. మరి కాలు ఊడదీసుకోవడం ఎలాగ అంటారా? మనం స్టిక్కరు బొట్టుని అంచు నుంచి ఒలిచినట్టే, అది వేలి కొస నుంచి పైకి లేపి ఒలిచేసుకుంటుంది.

అంతటి బల్లీ ఒక్కచోట ఓడిపోతుంది. మన నాన్‌స్టిక్ పెనాలకి పూసే టెఫ్లాన్ పొడిగా ఉంటే దాని మీద బల్లి కాలు కూడా జారిపోతుందట! "అయితే వంటింటి గోడలన్నిటికీ పెనాలు తగిలించేద్దాం" అంది మనవరాలు.

పెనమంటే గుర్తొచ్చింది. దోసెలు పోసేముందు ఇనప పెనం మీద నీళ్లు చిలకరిస్తాం కదా! పెనం ఒక మాదిరిగా కాలితే చుక్క చుయ్యిమని ఆరిపోతుంది. మరీ కాలిపోయిన పెనం మీదయితే ముత్యంలా గుండ్రంగా మారి, గిరగిరా పరుగులు పెడుతూ ఎక్కువసేపు ఉంటుంది. వేడి ఎక్కువైతే తొందరగా ఆరిపోవాలి గాని, ఇదేం చోద్యం? పెనాన్ని తాకీ తాకగానే చుక్క అడుగుభాగం ఆవిరై, ఆ ఆవిరే దానికి పరుపవుతుంది. చుక్క ఆ పరుపు మీద తేలుతుంది కనక వేడి సరిగా అందదు. యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలో నీటి చుక్క వేసి చూసి, 1756లో దీన్ని గ్రంథస్థం చేశాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. మా అమ్మ ఆ పేరు వినలేదు గాని, చుక్క పరుగెడితే "మంట తగ్గించవే, పెనం మాడిపోతోంది" అనేది!

ఇక ఉల్లిపాయ. కోసినప్పుడు లోపల విడివిడిగా ఉన్న పదార్థాలు కలిసిపోయి ఒక ఘాటు వాయువు పుడుతుంది. అది కంట్లో మంట పెడితే, కన్ను తనని తాను కడుక్కోవడానికి నీళ్లు కారుస్తుంది. ఆ వాయువుని పుట్టించే ప్రత్యేకమైన ఎంజైముని కనిపెట్టింది జపానులో కూరల మసాలాలు తయారుచేసే ఒక కంపెనీ శాస్త్రజ్ఞులు, 2002లో. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇగ్ నోబెల్ అని ఒక బహుమతి ఇస్తారు. 2013లో అది వీళ్లకొచ్చింది. మనకి బహుమతులు రావు కాబట్టి, ఉల్లిపాయల్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పదునైన కత్తితో కోయండి. ఏడుపు తగ్గుతుంది.

దోమల్లో ఆడవే కుడతాయని చదివి వినిపిస్తే మావారు పేపరు చాటునుంచి, "ఇది కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులెందుకు?" అన్నారు. నేనూరుకుంటానా? "వాటి కడుపు నిండడానికి పూల తేనె చాలు. రక్తం గుడ్ల కోసం, అంటే పిల్లల కోసం" అన్నాను. మళ్లీ మాట్లాడలేదు! అన్నట్టు, దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

అన్నిటికన్నా నన్ను కదిలించింది అంట్లగిన్నె దగ్గర దొరికింది. నూనె తేలుతున్న నీళ్లలో సబ్బు చుక్క పడగానే నూనె పక్కకి పారిపోయింది. "ఎందుకు?" అంది మనవరాలు. మీరూ ఒక పళ్లెంలో నీళ్లు పోసి, మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు పెట్టి చూడండి. పొడి అంచులకి పరుగెడుతుంది. నీటి పైభాగం బిగించి కట్టిన గుడ్డలా ఉంటుంది. సబ్బు తగిలినచోట ఆ బిగువు సడలిపోయి, చుట్టూ ఉన్న నీరు పొడిని తనవైపు లాక్కుంటుంది.

ఈ బిగువుని కొలిచే పద్ధతిని ఇంట్లోనే కనిపెట్టింది ఎవరనుకున్నారు? అగ్నెస్ పొకెల్స్ అనే జర్మన్ ఆడపిల్ల. 1862లో పుట్టింది. భౌతికశాస్త్రమంటే ప్రాణం. ఆ రోజుల్లో ఆడపిల్లల్ని విశ్వవిద్యాలయాల్లో చేర్చుకునేవారు కారు. తమ్ముడు చదువుకున్నాడు, ఈమె జబ్బుపడిన తల్లిదండ్రులకి సేవ చేస్తూ ఇంట్లో ఉండిపోయింది. గిన్నెలు కడిగే నీళ్ల మీద జిడ్డు ఎలా పాకుతుందో గమనించి, పద్దెనిమిది ఇరవై ఏళ్ల వయసులోనే 70 సెంటీమీటర్ల రేకు తొట్టె, దాని మీద అడ్డంగా ఒక రేకు పట్టీ, ఒక చిన్న త్రాసు పెట్టుకుని కొలతలు తీసింది. దాదాపు పదేళ్లు ఎవరికీ తెలియలేదు. 1891 జనవరిలో ధైర్యం చేసి ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే పెద్ద శాస్త్రజ్ఞుడికి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, మెచ్చుకుంటూ 'నేచర్' పత్రికకి పంపాడు. ఆ మార్చిలోనే అచ్చయింది. ఆమె తొట్టెనే మెరుగుపరచి పరిశోధనలు చేసిన లాంగ్మ్యూర్‌కి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమెకి అదే ఏడు, డెబ్భై ఏళ్ల వయసులో, ఊళ్లోని సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1935లో కన్నుమూసింది.

రేలీ ఆ ఉత్తరం చదివి "వంటింటి ఆడదానికి ఇవన్నీ ఎందుకు" అని పక్కన పడేసి ఉంటే? ఇది చదువుతూ నేను పక్కన పడేసిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చి గొంతు పట్టుకుపోయింది. మా అమ్మాయి పొయ్యి దగ్గర నిలబడి వింటోంది. "నీ చిన్నప్పుడు నేనూ ఇలా ఓపిగ్గా చెప్పాల్సిందే" అన్నాను. అది ఏమీ అనలేదు. కాసేపాగి పాలగిన్నె కేసి చూస్తూ, "అమ్మా, నీళ్లు కాగితే పొంగవు గాని పాలెందుకు పొంగుతాయి?" అంది.

పాతికేళ్ల తర్వాత నా కూతురు నన్నడిగిన మొదటి ప్రశ్న! జవాబు నాకు తెలుసు. పాలలోని మాంసకృత్తులూ, వెన్నా కలిసి మీద మీగడ తెర కడతాయి. కింద పుట్టిన ఆవిరి బయటికి దారి లేక ఆ తెరని పైకి తోస్తుంది. కానీ చెప్పకుండా, నోటుపుస్తకం దాని చేతికిచ్చి, "రాయి, ముగ్గురం కలిసి వెతుకుదాం" అన్నాను.

ఈ సందట్లో పాలు పొంగి పొయ్యంతా పారాయి. నా కాపురంలో మొదటిసారి, పాలు పొంగినందుకు నేనెవర్నీ కసరలేదు.