గాజుతీగ కాపలా

రాజమండ్రిలో మా యిల్లు వీధికి చిట్టచివర ఉంది. ప్రొద్దున్న తొమ్మిదింటికి నేను కాలేజీకీ, మా ఆవిడ బ్యాంకుకీ బయలుదేరితే మళ్లీ సాయంత్రందాకా ఇంట్లో ఉండేది మా అమ్మ ఒక్కతే. ఆవిడకు డెబ్బయి అయిదు దాటాయి. చెవులు కాస్త మందగించాయి. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిందంటే పెరటి తలుపు గడియ వేసిందీ లేనిదీ ఆవిడకే గుర్తుండదు. మా వీధిలో రెండిళ్లలో పట్టపగలే బిందెలూ, గ్యాసు సిలిండరూ పోయినప్పటినుంచీ, క్లాసులో పాఠం చెబుతున్నా నా మనసు పెరటి తలుపు దగ్గరే ఉండేది.

అంచేత ఒక దొంగల గంట తెప్పించాను. ఆ పేరు మా అమ్మ పెట్టింది. నిఘంటువులో లేకపోయినా నాకు నచ్చింది. బిగించడానికి మనిషిని పిలిస్తే 1500 రూపాయలు అడిగాడు. మా బావమరిదీ నేనూ ఒక ఆదివారం కూర్చుంటే సాయంత్రానికి అయిపోయింది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు లెండి. తలుపుకు చిన్న అయస్కాంతం, గుమ్మానికి ఒక మీట. తలుపు తెరుచుకుంటే అయస్కాంతం దూరమై మీట విడిపోతుంది. వసారా గోడకు ఇంకొకటి, ఒంటివేడి కదిలితే పసిగట్టేది. అమ్మ పడుకోబోయే ముందు రిమోటు నొక్కితే కాపలా మొదలవుతుంది. ఏది కదిలినా పెట్టె ముందు సైరను మోగిస్తుంది. తరువాత టెలిఫోను తీగ అందుకుని, మనం ఇచ్చిన నంబర్లకు వరసగా పిలిచి, రికార్డు చేసిపెట్టిన మాట వినిపిస్తుంది.

ఆ మాట దగ్గరే పేచీ వచ్చింది. "ఇంట్లో దొంగలు పడ్డారు, త్వరగా రండి" అని అమ్మను చెప్పమన్నాను.

"పడనిదే పడ్డారని అనమంటావేమిట్రా! పైన తథాస్తు దేవతలుంటారు" అని ఆవిడ ససేమిరా అంది. చివరికి, "నాయనా, ఒక్కసారి ఇంటికి రా" అని మాత్రం చెప్పింది. అది విని చూసుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. దొంగలన్న మాటకన్నా అదే ఎక్కువ తొందరపెట్టేలా ఉంది.

అసలు చిక్కు టెలిఫోనుతో వచ్చింది. వెనకటి నల్ల టెలిఫోను మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఊరంతా చీకటైపోయినా అది పలికేది. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలనుంచి రాగితీగ వెంట 48 వోల్టుల కరెంటు వచ్చేది గనుక, ఇంటి కరెంటుతో దానికి నిమిత్తం లేదు. ఇప్పుడు మా యింటికి వస్తున్నది వెంట్రుకంత గాజుతీగ. అందులో నడిచేది వెలుగు, కరెంటు కాదు. గోడకున్న తెల్లపెట్టె ఆ వెలుగును అందుకుని ఇంటర్నెట్టు ఇస్తుంది. టెలిఫోనును కూడా దాని వెనకే తగిలించారు. ఖర్చు తగ్గింది, మాట స్పష్టంగా వినిపిస్తుంది, కాదనను. కాని ఆ పెట్టెకు కూడు పెట్టవలసింది మనమే.

మా బావమరిది అనుమానపు మనిషి. "మెయిను కట్టేసి చూద్దాం బావా" అన్నాడు. కట్టేసి పెరటి తలుపు తోశాం. గంటకు సొంత బ్యాటరీ ఉంది కనుక సైరను చెవులు చిల్లులు పడేలా మోగింది. నా చేతిలోని సెల్‌ఫోను మాత్రం ఉలకలేదు, పలకలేదు. తెల్లపెట్టె దీపాలన్నీ ఆరిపోయాయి. ఇన్వర్టరు ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ, మాకు లేదు. పైగా మా మీటరు బయటి గోడకే ఉంది. దొంగకు అంతకన్న ఏం కావాలి? సైరను కూసి కూసి ఊరుకోవడం, అమ్మ లోపల ఒక్కతే ఉండడం తలుచుకుంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు 12 వోల్టుల చిన్న యూపీఎస్సు కొని తెల్లపెట్టెకు తగిలించాం. తిరిగి మెయిను కట్టేస్తే ఈసారి అమ్మ గొంతు పలికింది.

తీగ వరస కూడా ముఖ్యమే. తెల్లపెట్టెనుంచి వచ్చే తీగ ముందు గంటలోకి వెళ్లి, అక్కడినుంచి టెలిఫోనుకు వెళ్లాలి. అప్పుడు అమ్మ రిసీవరు సరిగా పెట్టకపోయినా (నెలకు నాలుగుసార్లు జరిగే పని ఇది) గంట ఆ తీగను లాక్కుని తన పిలుపు తాను పిలుచుకుంటుంది.

వీటన్నిటికంటె నన్ను కలవరపెట్టింది మరొకటి. రాగితీగ తెగితే అందులోని వోల్టులు పోయేవి. అది చూసి గంట గోల చేసేది. ఇప్పుడు టెలిఫోను తీగలో వోల్టులు పెట్టేది మా గోడమీది తెల్లపెట్టే. బయట స్తంభం దగ్గర గాజుతీగ తెగినా అది వోల్టులు ఇస్తూనే ఉంటుంది, గంట అంతా క్షేమమే అనుకుంటుంది. గాజుతీగ ఊడదీసి మరీ చూశాం. తెగిన తీగ బాగుందని సాక్ష్యం చెప్పే పెట్టెను ఏమనాలి? అందుకని సిమ్ము వేసే రెండో పెట్టె ఒకటి చేర్చాం. మేము కొన్నది 2జీ సిమ్ము తప్ప ఒప్పుకోదు. రీచార్జి మరిచిపోతే అదీ మూగదే. మా ఆవిడ ఆ తారీఖును కాలెండరులో పాలలెక్క పక్కనే రాసిపెట్టింది.

ఇక ఎవరిని పిలవాలి? 112కు యంత్రంచేత పిలిపించడం నాకిష్టం లేదు. వసారాలో బల్లి పాకినా ఒక్కొక్కప్పుడు మోగుతుంది. పోలీసులను మనిషి చూసి పిలవాలి. మొదటి నంబరు నాదే ఉండాలని అమ్మ పట్టు. కాలేజీ ఆరు కిలోమీటర్లు. అందుకని మొదటిది ఎదురింటి గార్డుగారిది పెట్టాను. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. పరీక్షకు ఒకసారి పిలిపిస్తే, "నన్ను నాయనా అన్నవాళ్లు లేక ఎంతకాలమైందో మాస్టారూ" అన్నాడు.

మొన్న ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, గాలివానకు మా వీధిలో కరెంటు పోయింది. నేను క్లాసులో సంధులు చెబుతున్నాను. జేబులో ఫోను కదిలింది. "నాయనా, ఒక్కసారి ఇంటికి రా." పుస్తకం బల్లమీదే వదిలేసి స్కూటరు తీశాను.

నేను వెళ్లేసరికి గార్డుగారు వసారాలో కూర్చుని ఉన్నాడు. ప్రక్కన చేతికర్ర, చేతిలో కాఫీ గ్లాసు. "గాలికి తలుపు తెరుచుకుందమ్మా, అంతే" అని అమ్మతో అంటూనే నాకు కళ్లతో పెరటివైపు చూపించాడు. వెళ్లి చూశాను. గోడమీద కొత్తగా పెచ్చులు ఊడి ఉన్నాయి, బురదలో మడమ దిగిన గుర్తు ఉంది. నేనేమీ మాట్లాడకుండా గడియ వేసి వచ్చాను.

"గార్డుగారు వచ్చారుగా! నువ్వెందుకురా క్లాసు వదిలిపెట్టి పరుగెత్తుకొచ్చావు?" అంది అమ్మ. "సరే, వచ్చావు కదా కూర్చో. డికాషను మిగిలింది."