తెఱచిన ద్వారము, అందని పాఠము

నేను బాల్యమున చదివిన సంస్కృత పాఠశాలలో ప్రవేశము కొన్ని కుటుంబముల మగపిల్లలకే లభించెడిది. నేను ఇంట అమరకోశము వల్లె వేయుచుండగా మా అక్క వంటయింటినుండి విని, నాకంటె ముందుగా ప్రథమకాండము కంఠస్థము చేసెను. ఆమెను పాఠమునకు పిలిచినవారు లేరు.

తరువాత కాలము మారినది. సంస్కృతబోధనకు పాఠశాలలయందును విశ్వవిద్యాలయములయందును సౌకర్యములు విస్తరింపవలెనని 1968 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. విద్యయొక్క అన్ని స్థాయిలలోను సంస్కృతము ఐచ్ఛికముగా ఉండవలెనని 2020 నాటి విధానము పలికినది. ఆ సంవత్సరముననే తిరుపతి విద్యాపీఠము కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. నేడు కులమునుబట్టి గాని, ఆడపిల్ల యని గాని ఎవరిని నిరాకరించుటకు వీలులేదు. ఇది సంతోషింపదగిన విషయము.

అయినను మన ఇంటర్మీడియెట్టు తరగతులను చూడుడు. ద్వితీయభాషగా తెలుగును విడిచి సంస్కృతమును గ్రహించువారిలో అనేకులు మార్కులకొఱకే వచ్చుచున్నారు. శ్లోకభావమును ఆంగ్లమున వ్రాసి 95 మార్కులు పొందిన విద్యార్థికి ‘రామేణ’ ఏ విభక్తియో తెలియకుండుట నేనెఱుగుదును. ఈ దోషమున నాకును భాగము కలదు. తరగతి నిండినగాని అధ్యాపకుని ఉద్యోగము నిలువదు. కావున తేలిక ప్రశ్నలనే ఇచ్చితిని. ఉదారముగా మార్కులు వేసితిని.

ఒకనాడు పూర్వవిద్యార్థిని యొకతె వచ్చి, “మాస్టారూ, నాకు 98 మార్కులొచ్చాయి. మా నాయనమ్మ విష్ణుసహస్రనామంలో ఒక్క నామానికి అర్థం అడిగితే చెప్పలేకపోయానండీ” అనినది. నాకు మా అక్క జ్ఞప్తికి వచ్చినది. ద్వారము మూసియున్నను ఆమె నేర్చినది. తెఱచియున్నను ఈ బాలిక నేర్వలేదు.

ప్రవేశము కల్పించుటతో ప్రభుత్వ కర్తవ్యము ముగియదు. ముందుగా మాతృభాషయందు గట్టి పునాది వేయవలెను. సంస్కృతము కొత్తగా మొదలిడువారికి శబ్దములు, ధాతువులు, చిన్న వాక్యములు నేర్పి, మౌఖికపరీక్ష పెట్టవలెను. దేవనాగరియందో తెలుగులిపియందో సంస్కృతముననే సమాధానములు వ్రాయింపవలెను. మార్కులు తగ్గిన విద్యార్థుల సంఖ్యయు తగ్గవచ్చును. ఆ నష్టమును మనము సహింపవలెను.

ఉద్యోగవిరమణానంతరము ఆ బాలికకును మఱి నలుగురికిని ఆదివారములందు మా అరుగుమీద రామశబ్దముతో పాఠము మొదలిడితిని. ఇది నేను చేసిన తప్పునకు ఆలస్యముగా చేసికొన్న దిద్దుబాటు. నా అభిప్రాయమును విద్వాంసులు విమర్శింతురుగాక.