గోల్‌కీపరుకే ఆయన ఓటు

ఫుట్‌బాల్ మాటెత్తితే సికింద్రాబాద్‌లో ఆ పెద్దాయనకు చాయ్ చల్లారినా పట్టదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచిందా, అందరూ ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచేనే పొగుడుతారు. ఈయన ఒప్పుకోరు. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌వి మూడు పెనాల్టీలు ఆపిన కట్టిమణి లేకపోతే కప్పెక్కడిదంటారు. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించినందుకు కోచ్ మనోలో మార్కెజ్‌కు మంచి మార్కులే వేస్తారు. అయినా 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెప్పించిన మన రహీం సాబ్ పక్కన మాత్రం నిలబెట్టరు.

2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరూ మారింది. ఆటగాళ్లు మనవాళ్లే కదా, చూద్దామని మనవడంటే 'ఊరు విడిచినంక మనదెట్లయితదిరా' అని టీవీ కట్టేస్తారు. మర్నాడు పేపర్లో ఆ స్కోరు వెతికేదీ ఆయనే.